అంకమ్మరావు దాచిన తాలు

అంకమ్మరావు ఎవరినీ మాట పూర్తి చెయ్యనివ్వడు. "అసలు సంగతి చెప్పండి" అని సగంలోనే తెంచేస్తాడు. పెళ్లిచూపుల్లో మామగారు వంశచరిత్ర మొదలెడితే, "నేను నచ్చానా లేదా, అది చెప్పండి చాలు" అన్నాడు. నచ్చాడని చెప్పి ఇరుక్కుపోయింది హారిక.

అతని ఉద్యోగమూ అలాంటిదే. ఒంగోల్లో ఇంట్లో కూర్చుని ఒక ఉపగ్రహాల కంపెనీకి పనిచేస్తాడు. ఉపగ్రహం తీసిన సముద్రం ఫొటోలన్నీ కిందికి దింపి వెతికేసరికి ఓడ ఎటో వెళ్లిపోతుంది. అందుకని ఉపగ్రహంలోనే కంప్యూటరు పెట్టి, ఓడల్ని పైనే ఏరి, వాటి జాడ మాత్రం వెంటనే పంపే ప్రోగ్రాం రాశాడు.

"అదేం పనయ్యా?" అని అత్తగారు అడిగారు.

"రంగుపోయిన తాలుకాయల్ని కల్లంలోనే ఏరతామా, మిర్చి యార్డుదాకా మోసుకెళ్లి ఏరతామా అత్తయ్యా?"

మిరప పండించే ఇల్లాలు. ఆమెకు ఇట్టే అర్థమైంది.

అతని తీరు అర్థం కానిది కొత్తపట్నం నుంచి చేపలు తెచ్చే పిచ్చమ్మకి. కబుర్లు చెప్పకుండా ఆమె చేప అమ్మదు.

"మా ఆయన పడవ ఎంతనుకున్నావు బాబూ? కెరటం లేస్తే కనపడనే కనపడదు. నాకేమో గుండె..."

"వంజరం ఉందా?"

పిచ్చమ్మ మూతి తిప్పుకుంది. హారిక సిగ్గుతో చచ్చిపోయింది.

ఒకరోజు పొద్దున్నే పిచ్చమ్మ బుట్ట లేకుండా వచ్చి గుమ్మంలో కూలబడింది. నిన్న రావాల్సిన పడవ రాలేదు.

"ఏమండీ, మీ ఉపగ్రహానికి కనపడదా?" అంది హారిక.

అంకమ్మరావు అప్పటికే ఆఫీసులో తనతో పనిచేసే శరణ్యకి ఫోన్ చేస్తున్నాడు.

"పెద్ద ఓడల జాడే వచ్చింది సార్. చిన్న చుక్కల్ని అలలేమోనని మన ప్రోగ్రాం పక్కన పెట్టేసిందిగా."

"ఆ పక్కన పెట్టినవి దింపమ్మా."

"అనవసరంగా దాస్తున్నామని నేనే మీతో పోట్లాడాను సార్!"

"మా వైపు తాలు పారెయ్యరమ్మా. వేరే బస్తాకెత్తుతారు. పైగా మాకు చేపలు తెచ్చే పిచ్చమ్మ వాళ్లది చిన్న పడవ. కెరటం లేస్తే కనపడదు."

హారిక ఉలిక్కిపడింది. విననట్టే ఉండి ప్రతి మాటా మనసులో పెట్టుకున్నాడా ఈ మనిషి! ఇన్నేళ్లుగా తను సగంలో మింగిన మాటలు కూడా అక్కడే ఉన్నాయేమో. అతనంటే ఒక్కసారిగా ప్రేమ ముంచుకొచ్చింది.

దింపిన చుక్కల్లో ఒకటి, వేర్వేరు వేళల్లో తీసిన రెండు ఫొటోల్లోనూ ఉంది. అలైతే రెండోసారికి ఉండదు. కోస్ట్ గార్డుకి జాడ చెప్పారు. ఇంజను చెడి కొట్టుకుపోతున్న పడవ సాయంత్రానికి దొరికింది. మనుషులు క్షేమం.

మర్నాడు పిచ్చమ్మ వచ్చి, ఇంజను ఆగిన దగ్గర్నుంచి కథ మొదలెట్టింది. అంకమ్మరావు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

"ఏమండీ, మీకు మీటింగుంది" అని హారిక గుర్తుచేసింది.

"ఉండు హారికా, పడవ ఇంకా ఒడ్డుకి రాలేదు."