కాదుబాబాయి

ఎవరైనా "కరెంటు పోయింది" అన్నారంటే ఆ ఎలక్ట్రీషియన్ సంచీ విప్పడు. "కాదు. ఏం పోయిందో సరిగ్గా చెప్పండి" అని గుమ్మంలోనే నిలబడిపోతాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని కాదుబాబాయి అంటుంది.

హెడ్మాస్టరుగారు ఒకసారి, "ఈ నెల వోల్టేజీ తెగ కాలిందయ్యా" అని వాపోయారు.

"కాదండీ. కాలేవి యూనిట్లు. వోల్టేజీ అంటే వెనక నుంచి తోసే ఒత్తిడి."

ముప్పై ఏళ్లు పిల్లల చేత గుంజీలు తీయించిన మనిషి, స్విచ్‌బోర్డు ముందు చేతులు కట్టుకుని మూడుసార్లు అప్పజెప్పాకే ఆయన ఫ్యాను తిరిగింది.

హెడ్మాస్టరుగారి ఇంటి పై వాటాలో బట్టలు కుట్టే ఆవిడకి కాదుబాబాయిని చూస్తేనే ఒళ్లు మంట. బల్బు మార్చమని పిలిచినా గదిగదికీ తిప్పేవాడు.

"ఈ ప్లగ్గు ఏ లైను మీదుందమ్మా?"

"నాకెందుకు బాబాయ్‌గారూ, మీరున్నారుగా!"

"కాదమ్మా, చెప్పు."

చెప్పేదాకా కదిలేవాడు కాదు. ఈయన చాదస్తం తగలెయ్య అని ఆవిడ పళ్లు కొరుక్కునేది.

ఒక మధ్యాహ్నం జోరువానలో, ఆవిడ అత్తగారి ఆక్సిజన్ మిషను టక్కున ఆగిపోయింది. పెద్దావిడ పెదవులు నీలంగా మారుతున్నాయి. కోడలు కాదుబాబాయికి ఫోను చేసింది.

"బాబాయ్‌గారూ, కరెంటు పోయింది! అత్తయ్యకి ఊపిరాడటం లేదు!"

"కాదమ్మా. ముందుగదిలో ఫ్యాను తిరుగుతోందా?"

తిట్టబోయి, తల తిప్పి చూసింది. "తిరుగుతోంది."

"అయితే ఏం పోయింది?"

"పడకగది లైను... అదొక్కటే!"

ఇక ఆయన చెప్పేదాకా ఆవిడ ఆగలేదు. మాస్కు గొట్టం అత్తగారిదాకా అందేలా చూసుకుని, మిషను ముందుగదిలోకి లాక్కెళ్లి అక్కడి ప్లగ్గులో పెట్టింది. మిషను మళ్లీ మొదలైంది. పెద్దావిడ పెదవులకు మెల్లగా రంగు తిరిగింది.

అరగంటకు కాదుబాబాయి తడిసి ముద్దై వచ్చి, పడకగదిలో కాలిన తీగ మార్చాడు.

"ఇన్నాళ్లూ మీది చాదస్తం అనుకున్నాను" అంటూ ఆవిడ తల తుడుచుకోమని తువ్వాలు అందించింది.

"చాదస్తమేనమ్మా. కానీ నేనెక్కడో ఊరి చివర పనిలో ఉంటే, వచ్చేదాకా పెద్దావిడ ఆగలేరుగా. ఈ మిషను మీ ఇంటికొచ్చిన రోజు నుంచీ నాకదే బెంగ."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "పిన్నిగారిక్కూడా ఇలాగే నేర్పారా?"

కాదుబాబాయి తల వంచుకుని సంచీ సర్దుకున్నాడు. "ఆవిడ ఏం పోయిందంటే అదే పోయిందమ్మా. ఆవిడ ముందు నాకు నోరు పెగలదు."

మాస్కు లోపలి నుంచే అత్తగారు కిసుక్కున నవ్వింది.