గుడ్డ కప్పిన మగ్గం

మోహన ఫోను చూసుకునే తీరు చూస్తే, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిన మనిషి గుర్తొస్తుంది. అన్నం తింటూ చూస్తుంది, బట్టలు ఉతుకుతూ చూస్తుంది. అది మోగకపోయినా భయమే, మోగినా భయమే. తమిళనాడు గుడియాత్తంలో మగ్గం నేసే ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్ళయినా, జోలార్పేటలో రైల్వే ఉద్యోగి కూతురుగా పెరిగిన పిల్ల కాబట్టి ఆమెకు నేత చేతకాలేదు. చేతనైంది ఈ ఫోనే. మామ అంజప్ప నేసే లుంగీలకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచింది.

తెరిచి ఊరుకుందా? లేదు. షావుకారు శంకరలింగం దగ్గర నూలు తెచ్చుకుని ఆయనకే నేసిచ్చే మామను పట్టుబట్టి మాన్పించింది. "మనమే నేసి మనమే అమ్ముకుందాం మామా, ఫోన్లో కొనేవాళ్ళు కావాల్సినంత మంది ఉండారు" అంది. ఏళ్ళ తరబడి చేసిన పని వదిలేసి వస్తుంటే షావుకారు నవ్వి, "పోయిరా అంజప్పా, మళ్ళీ ఈడికే గదా వచ్చేది" అన్నాడట. ఆ మాట మామ ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. మోహనకు మాత్రం రోజూ వినబడుతుంది. పేజీ నడవకపోతే ఆ పెద్దాయన తల వంచుకుని మళ్ళీ ఆ గడప తొక్కాలి. తొక్కించిన పాపం తనదే అవుతుంది.

ఇంత భయం కడుపులో పెట్టుకున్న మనిషి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దూ? మామ నేస్తున్న వీడియో నింపాదిగా ఉంది, ఎవరూ చివరిదాకా చూడటం లేదని దాని వేగం పెంచేసింది. మగ్గం చప్పుడు తీసేసి, అప్పట్లో అందరూ వాడుతున్న పాటొకటి తగిలించింది. వీడియోను జనం ఎగబడి చూశారు. వెంటే తిట్లూ వచ్చాయి. ఇంత జోరుగా చేత్తో ఎవరు నేస్తారు, ఇది పవర్‌లూమ్, చేనేత అని మోసం చేస్తున్నారు అని ఒకడు రాశాడు. ఆ మాట మిగతావాళ్ళు అందుకున్నారు. కొనాలనుకున్నవాళ్ళు వెనక్కి తగ్గారు. హైదరాబాదులో బట్టల దుకాణం నడిపే సురేఖ అయితే, ఏడాది పొడుగునా సరుకు తీసుకుంటానని అన్నదల్లా ఫోన్ చేసి మర్యాదగానే మెలిక పెట్టింది.

"మీ మగ్గం నేను కళ్ళారా చూడాలండీ. ఆదివారం పదకొండింటికి లైవ్ పెట్టండి, అందరం చూస్తాం."

"తప్పకుండా అక్కా" అనేసింది మోహన. అంతటితో ఆగక, మా మగ్గం నడిచేది చూడను రండి అని పేజీలో చాటింపు వేసింది. గోడ మీది కాలెండరు వంక ఒక్కసారి చూసుంటే ఆమె సొమ్మేం పోయేది?

ఆదివారం పొద్దున ఫోను స్టాండు పట్టుకుని మగ్గం గదిలోకి వెళ్తే, మగ్గం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. గదిలో ఇంకా కర్పూరం వాసన పోలేదు. అప్పుడు తట్టింది మోహనకు. అమావాస్య.

ఈ వీధిలో మగ్గాలు ఆదివారం కూడా ఆడతాయి. అమావాస్యకు మాత్రం పూజ చేసి గుడ్డ కప్పేస్తారు, ఇక మరునాటి దాకా ఎవరూ ముట్టరు. కాపురానికి వచ్చినప్పటి నుంచి నెలనెలా చూస్తున్నదే. అయినా ఫోన్లో తేదీ చూసి మాటిచ్చేసింది.

పెరట్లోకి పరిగెత్తింది. అత్త మునియమ్మ మామ తెల్లచొక్కా దండెం మీద ఆరేస్తోంది. పెళ్ళిళ్ళకు తప్ప పెట్టెలోంచి బయటికి రాని చొక్కా అది. ఎవరి పెళ్ళో అడిగే తీరిక మోహనకు లేదు.

"మామా, రొంతసేపు మగ్గంలో కూర్చోండి. పదకొండింటికి అందరూ చూస్తారు."

పెరటి మెట్టు మీద కాఫీ తాగుతున్న అంజప్ప తలెత్తాడు. "ఏందమ్మా నువ్వు. కరోనాలో తినను లేనప్పుడు కూడా అమావాస్య పొద్దు ముట్లేదే. రేపు చూపీ."

"రేపంటే దొరికిపోయినారు అంటారు మామా. పేరు పోతాది."

ఆయన మిగతా కాఫీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు. కోప్పడనైనా లేదు. కోప్పడినా కొంచెం నయంగా ఉండేది.

సురేఖకు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఇంకా పెట్టని పాత వీడియో ఒకటి ఫోన్లో ఉంది, దాన్నే లైవ్ అని ఆడిస్తే? వేలు దాని దాకా పోయింది. మోసం మోసం అని లోకం అంటుంటే, దాన్ని నిజం చేయడమొక్కటే మిగిలిందా అని తన మీద తనకే అసహ్యం వేసింది. పదకొండయింది. లైవ్ నొక్కింది.

"ఈ పొద్దు అమావాస్య. మేము నేయము. తప్పు నాదే, చూసుకోకుండా చెప్పినాను" అంది. తెర మీద పగలబడి నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. మిషన్ ఎక్కడ దాచారని ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు రాశారు. తెలుగు అక్షరాల్లో వచ్చినవి ఆమెకు అంతుపట్టలేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదివింది తమిళ బడిలో. వాళ్ళు తిడుతున్నారో పొగుడుతున్నారో తెలియక బిక్కచచ్చి నిలబడింది.

అప్పుడు మామ లోపలికి వచ్చాడు. ఇన్నాళ్ళూ చేతులు తప్ప మొహం చూపించని మనిషి. గుడ్డను ముట్టుకోలేదు. మగ్గం కింది గుంటను వేలితో చూపించాడు.

"దీంట్లోనే నా కాళ్ళు అరిగిపోయింది. రేపు రాండి, నేస్తాను. ఈ పొద్దు నేయను. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు" అని ఎట్లా వచ్చాడో అట్లాగే వెళ్ళిపోయాడు.

సురేఖ పేరు పక్కన పొడుగాటి తెలుగు మాట ఒకటి వచ్చింది. మరుక్షణం ఆమె లైవ్‌లోంచి వెళ్ళిపోయింది. మోహన లైవ్ ఆపేసింది. చదివి వినిపించమంటే ఫోనే వినిపిస్తుంది, ఆ సంగతి ఆమెకు తెలుసు. వినే ధైర్యమే లేదు. వంటింట్లో ఒక మూల కూర్చుని, పెద్దాయనను వీధిలో నిలబెట్టేశానని కుమిలి కుమిలి ఏడ్చింది.

భోజనాల వేళకు ఫోను మోగింది.

"రాశాను కదండీ, జవాబివ్వలేదేం?" అంది సురేఖ.

"మాకు తెలుగు చదవను రాదక్కా."

"అయ్యో" అంది సురేఖ. "మా నాన్నగారూ నేసేవారండీ. అమావాస్య వస్తే మా ఇంట్లోనూ ఇట్లాగే గుడ్డ కప్పేవాళ్ళు. పవర్‌లూమ్ వాళ్ళకి అమావాస్య ఎక్కడిది? మోసం చేసేవాళ్ళే అయితే ఇవాళ నేసి చూపించేవాళ్ళు. అనుకున్నట్టే ఏడాదంతా సరుకు పంపండి. ఆ పాట వీడియో మాత్రం తీసేయండి. మగ్గం చప్పుడు వినాలి నాకు."

మోహన కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచి అరుగు దగ్గరికి వెళ్ళి, ఏడాది పొడుగునా సరుకు తీసుకుంటారట మామా అని చెప్పింది. అంజప్ప వీధి వంక చూశాడు.

"అట్లయితే నేను శంకరలింగం దగ్గరికి పోయే పన్లేదా?" అని మెల్లగా అడిగాడు.

"మీరెందుకు పోతారు మామా?"

"ఏం లేదులే." లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. "ఏమే, ఆ చొక్కా ఆరింటే మడిచి పెట్టెలో పెట్టేయ్."