చప్పుడు లేని బండి

సౌదీలో యాన్బు రేవులో ఒక్క ఓడలోంచి పదివేల చైనా కరెంటు కార్లు దిగడం నా కళ్లతో చూశానని మా ఊరి హోటల్ దగ్గర చెబుతుంటాను. టీ చల్లారిపోయినా నోళ్లు తెరుచుకుని వింటారు. ఓడా లేదు, పాడూ లేదు. రాబిగ్ వైపు నుంచి వచ్చే ట్రైలర్ మీద ఎనిమిది కార్లు కట్టి ఉంటే చూశాను, అంతే. అలాంటిదొకటి మా గ్యారేజీకి వచ్చింది. అది మాత్రం నిజం.

అప్పటికి గ్యారేజీలో మెకానిక్‌లం ఇద్దరమే. రెండోవాడు నాకు పాన పట్టడం నేర్పినవాడు, మా జగిత్యాల వైపు మనిషే. అన్నా అనేవాణ్ని. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "మూడో వాల్వ్ ఏడుస్తుంది" అనేవాడు. విప్పితే మూడోదే. ఆ చెవిని నమ్మి సౌదీలు ఎక్కడెక్కడి నుంచో బండ్లు తెచ్చేవారు.

ఆ ఏడు నితాకత్ చట్టం గట్టిగా బిగిసింది. ఇంతమంది సౌదీలను పెట్టుకోవాల్సిందే అన్నారు, బయటి దేశపోళ్ల తలకింతని లెవీ పెంచారు. మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన గ్యారేజీ ఓనరు, మా ఇద్దరినీ నిలబెట్టి, ఒక్కరి ఇఖామా పర్మిటే రెన్యూవల్ చేయిస్తా, రెండోవాడు ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికే అన్నాడు. "ఇక మీదట రోడ్డు మీద చైనా కార్లే. ఆ పని ఎవరికొచ్చు?"

"వంద విప్పిన" అన్నాను. ఒక్కదాని బానెట్ కూడా ఎత్తిన పాపాన పోలేదు.

అన్న తల దించుకున్నాడు. "నాకు రాదు. నేర్చుకుంట." యాభై ఏడేళ్ల మనిషికి మళ్లీ వీసా ఎవడిస్తాడు? పోతే పోయినట్టే.

మర్నాడు పొద్దున కఫీల్ మాకు పరీక్ష పెట్టడానికి తన చుట్టం కరెంటు కారు తెప్పించాడు. చలిరోజులు, ఏసీ కూడా వేసి లేదు. తెచ్చిన పాకిస్తానీ డ్రైవర్ దిగి నల్లా దగ్గరికి పోతే వెంట పోయి ఉర్దూలో అడిగాను, బండి బంద్ చేశావా అని.

"లేదు చాచా, చాలూనే ఉంది. స్టీరింగ్ వెనకాల పచ్చ దీపం వెలుగుతుంటే చాలూ ఉన్నట్టు. చప్పుడు మాత్రం రాదు."

తిరిగొస్తుంటే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్నడ్రా డ్రైవరు? బండి సంగతి ఏమన్న చెప్పిండా?"

"వాడేం చెప్తడే. నమాజ్ టైం అడిగిండు."

కఫీల్ వచ్చాడు. "చెప్పండి. బండి నడుస్తోందా, ఆగి ఉందా?"

అన్న ముందుకెళ్లి బానెట్ ఎత్తాడు. స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు. "మోటర్ అన్నంక గుయ్యిమనాలె. మా బాయికాడి మోటరు గూడ గుయ్యిమంటది. ఇది బంద్ ఉన్నది."

నేను బానెట్ మూసి, లోపల కూర్చుని, గేరు వేసి, బ్రేకు మీద కాలు కొంచెం వదిలాను. కారు మెత్తగా ముందుకు జరిగింది. అన్న వెనక్కి తూలి పడ్డాడు. స్క్రూడ్రైవర్ సిమెంటు మీద ఖంగుమంది. ఆ పొద్దుటికి అదొక్కటే చప్పుడు. ఆ తర్వాత కఫీల్ నవ్వాడు.

పది రోజుల్లో అన్నకు ఎగ్జిట్ పడింది. బ్యాగు నేనే మోశాను. బస్సెక్కుతూ, "నా చెవి పోయినట్టుందిరా" అన్నాడు. చెవి పోలేదని తెలిసీ, బ్యాగు లోపలికి అందించాను.

నేను గెలిచి ఏం చేశాను? కరెంటు బండికి ఇంజనాయిలు మార్చే పని లేదు, ప్లగ్గు లేదు. దానికి రోగమొస్తే కంప్యూటర్లున్న కంపెనీ షోరూముకే పోతుంది. రెండేళ్లకు గ్యారేజీ షట్టర్ దించారు. నేనూ అదే బస్సెక్కాను.

ఊళ్లో దిగిన వారానికి అన్న దగ్గరికి పోయాను. మెకానిక్ పని మానేశాడట. ఎవరైనా ట్రాక్టర్ తెస్తే, నాకు ఇనపడదు పొమ్మంటున్నాడట. ఇక ఆగలేక పచ్చ దీపం సంగతంతా చెప్పేశాను. అన్న నవ్వి, వీపు తట్టి, పోనీలేరా అన్నాడని హోటల్ దగ్గర చెబుతుంటాను.

నవ్వలేదు. లేచి గూట్లోంచి తుప్పు పట్టిన స్క్రూడ్రైవర్ తీశాడు. మొన నా రొమ్ముకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"బంద్ ఉన్నది" అన్నాడు. లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.