రెండు పోచారాలు

పోచారం చెరువు చూడాలని పద్మా నేనూ పన్నెండేళ్లుగా అనుకుంటున్నాం. ఇద్దరిదీ నానక్‌రామ్‌గూడలో ఒకే ఆఫీసు. మెదక్ దాటాక అభయారణ్యంలో ఉంటుంది ఆ చెరువు. చలికాలం ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలతాయట. సరిగ్గా మేం సెలవు పెట్టే వారమే ఏదో ఒక ప్రాజెక్టు నెత్తిన పడేది. ఈసారి వాయిదాకు వీల్లేదు. పద్మకు పుణెలో కొత్త ఉద్యోగం వచ్చింది. కొత్తగూడలో మా పక్కవీధి ఇల్లు ఖాళీ చేసి, ఉప్పల్‌లో చెల్లెలింట్లో ఉంది. ఆదివారం రైలెక్కుతుంది. మాకు మిగిలింది శనివారం ఒక్కటే.

"కలిసి బస్సుల పోదాం" అన్నాను.

"నేనెందుకే అంత చుట్టు తిరగడం? పోచారం మాకు పక్కనే. మా మరిది కారులో దింపేస్తాడు" అంది పద్మ.

ఆమెది కాకినాడ. ఇన్నేళ్లయినా ఈ ఊళ్లో ఏది ఎటుందో తెలియదు. ఉప్పల్‌కు మెదక్ పక్కనేమిటని నాకైనా అనుమానం రావాల్సింది. కారున్నవాళ్లకు అన్నీ పక్కనే కదా అని ఊరుకున్నాను.

శనివారం తెల్లవారగానే హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో దిగి, జూబ్లీ బస్ స్టేషన్‌కు నడిచాను. మెదక్ ఎక్స్‌ప్రెస్ ఏడున్నరకు. ఆడవాళ్లకు ఉచితమే, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. టికెట్ దొరికింది గానీ సీటు దొరకలేదు. సీటు మీది రుమాలు చూడక, ఖాళీగా ఉందని కూర్చోబోతే ఒకావిడ కిటికీ బయటి నుంచే కేకేసింది. "దస్తీ ఏసిన, కనవడ్తలేదా?" నర్సాపూర్ దాకా నిలబడే వెళ్లాను.

మెదక్‌లో దిగేసరికి పది దాటింది. బస్టాండు పక్కన ఇడ్లీ చల్లగా, చట్నీ నిప్పులా ఉన్నాయి. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా పద్మ ఫోన్ చేసింది.

"నేనొచ్చేశానే. చెరువేదీ? అన్నీ అద్దాల బిల్డింగులే ఉన్నాయి. గేటు దగ్గరాయన ఐడీ కార్డు అడుగుతున్నాడు."

అప్పుడు గుర్తొచ్చింది. ఘట్‌కేసర్ దగ్గర ఇంకో పోచారం ఉంది. అక్కడున్నది ఐటీ క్యాంపస్. పోచారం అనగానే చెరువు కాక క్యాంపస్ గుర్తుకు రావడం మా ఉద్యోగాల వాళ్లకే చెల్లింది.

"మెదక్ పోచారమే తల్లీ! అభయారణ్యం అని చెప్పిన్నా, లేదా?"

"ఏదో పార్కు పేరనుకున్నా. మరిది కూడా వెళ్లిపోయాడు. నువ్వు కదలకు, వచ్చేస్తున్నా."

ఏ బస్సు ఎక్కడ ఎక్కాలో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను.

ఎల్లారెడ్డి బస్సెక్కి అరగంటలో పోచారంలో దిగాను. రోడ్డు పక్కన అటవీశాఖ గేటు, దాని పక్కనే ఒక చాయ్ బండి. గేటు దాటి నాలుగడుగులు వేస్తే చెరువు. "పొద్దుగూకకముందే గేటు బందు చేస్తం" అన్నాడు వాచ్‌మన్. ఇద్దరం కలిసి చూడాలనుకున్న చెరువు, ఒక్కదాన్నే ఎలా చూడను? చాయ్ బండి బల్ల మీద, చెరువుకు వీపు పెట్టి కూర్చున్నాను.

"చెరువు చూడనీకి వచ్చి రోడ్డు చూస్తవేందక్కా?" అంది బండి నడిపే లక్ష్మి.

"మా దోస్తు రావాలె."

సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. బాలానగర్ ట్రాఫిక్‌లో ఉన్నానని ఒక మెసేజ్. మూడు దాటాక నర్సాపూర్ అడవిలో కోతులున్నాయని ఇంకొకటి. కోతులెవరికి కావాలి? ఆ తర్వాత అదీ లేదు. లోపలికి వెళ్లొచ్చిన వాళ్లు ఫోన్లలో బాతుల ఫోటోలు చూసుకుంటుంటే మొహం తిప్పుకున్నాను. మూడు చాయ్‌లు, రెండు ఉడకబెట్టిన గుడ్లు, లెక్కలేనన్ని తిట్లు అయ్యాయి.

పద్మ బస్సు దిగేసరికి గేటుకు గొలుసు పడింది.

"బాబూ, అయిదు నిమిషాలండీ. రేపు ఊరొదిలి వెళ్లిపోతున్నా" అని బతిమాలింది.

"జర సమజ్ చేస్కో అమ్మా. పిట్టలు పండుకునే యాళ్ల. మీకు తీస్తే అందరికి తియ్యాలె" అన్నాడు వాచ్‌మన్. అతనన్నదీ న్యాయమే. కాబట్టి నా కోపమంతా పద్మ మీదే చూపించాను. ఆమె తల వంచుకుని విన్నది. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

మెదక్ బస్సెక్కాం. లక్ష్మి కూడా బండి కట్టేసి మా వెనక సీట్లో కూర్చుంది.

ఈ చెరువుకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. పొద్దున్నే బయల్దేరండి. తోడు వచ్చేవాళ్లకు మెదక్ పోచారం అని పదిసార్లు చెప్పండి. చెరువు ఎలా ఉంటుందో మాత్రం నన్నడక్కండి.

పద్మ అదే అడిగింది. "పోనీలే, నువ్వైనా చూశావుగా. ఎలా ఉంది?"

"మస్తుంది" అన్నాను. "నిండా నీళ్లు. బాతులు..."

"ఏడ చూసిందమ్మా!" వెనక నుంచి లక్ష్మి అందుకుంది. "పొద్దటిసంది నా బల్ల మీదనే కూసుంది. చెరువు దిక్కు మొఖం గూడ తిప్పలే. బస్సొచ్చినప్పుడల్లా లేసి చూసుడే."

పద్మ నా వైపు తిరిగింది.  తిట్టడం మొదలుపెట్టింది. "నీకసలు బుద్ధుందా? అంత దూరమెళ్లి, వాకిట్లో కూర్చుని... ఎవరైనా వింటే నవ్విపోతారే!" మెదక్‌లో బస్సు మారినా ఆపలేదు. చుట్టుపక్కల వాళ్లు చూస్తున్నా ఆపలేదు. జూబ్లీ బస్ స్టేషన్ దాకా తిడుతూనే ఉంది, నేను ఎదురు చెబుతూనే ఉన్నాను. ఎవరు ముందు ఆపినా ఇద్దరం ఏడుస్తామని ఇద్దరికీ తెలుసు.