పొదల బాబాయి తడిపిన గోనెసంచులు

మా వీధిలో ఎవరి పెరట్లో ఏది చూడబుద్ధి కాకపోయినా పొదల బాబాయికి కబురు వెళ్తుంది. నీళ్ల మోటారైనా, ఏసీ డబ్బా అయినా చుట్టూ మొక్కలు నాటి మాయం చేస్తాడు. "నా పొద వెనక ఏముందో దేవుడికి తెలియాలి, నాకు తెలియాలి" అని నవ్వేవాడు. నాటి ఊరుకునే మనిషి కాదు. వేరు పట్టేదాకా పిలవకపోయినా వచ్చి నీళ్లు పోసి వెళ్తాడు.

మా ఎదురింటి కుట్టుటీచరు వెనకగదిలో ఇద్దరమ్మాయిలతో కలిసి బట్టలు కుడుతుంది. కరెంటు పోయినా మిషన్లు ఆగకూడదని కిటికీ కింద జనరేటరు పెట్టించింది. మసిబారిన ఆ ఇనపముద్దను దాటుకునే అందరూ లోపలికి రావాలి. అది కనపడకుండా చెయ్యమని బాబాయికి కబురంపింది.

"గన్నేరు వెయ్యి బాబాయ్, తొందరగా ఎదుగుతుంది."

"విషపు చెట్టమ్మాయ్. నీ దగ్గరికొచ్చేవాళ్లు పిల్లల్ని చంకనేసుకొస్తారు. ఆకు నోట్లో పెట్టుకుంటే?"

"పోనీ, గోరింట?"

"పలచన. కప్పినట్టుంటుందే గానీ ఏదీ దాగదు."

"పొదకి పెళ్లిసంబంధం చూస్తున్నావా ఏంటి, ఇన్ని వంకలు పెడుతున్నావు!"

చివరికి మందార కుదిరింది. నడుమెత్తు మొక్కలు తెచ్చి, జనరేటరుకు మూడువైపులా చీమ దూరనంత ఒత్తుగా నాటాడు. నాలుగోవైపు కిటికీ ఉన్న గోడ.

వారం తిరక్కుండానే లోపలివైపు ఆకులు మాడాయి. బాబాయి ప్రాణం విలవిల్లాడింది. "పసిమొక్కలు, ఈ సెగకి తాళలేవు" అంటూ మొక్కలకూ జనరేటరుకూ మధ్య గోనెసంచులు వేలాడగట్టాడు. రోజూ మధ్యాహ్నం వచ్చి వాటిని తడిపేవాడు. మొక్కల మీద జాలితో చేసిన పని అది. చూసి నేనూ మెచ్చుకున్నాను.

ఆ వారంలోనే అమ్మాయిలు తలనొప్పి అంటే, సూదిలోకి చూసి చూసి వచ్చిందిలే అని టీచరు టీ పెట్టి ఇచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. బాబాయి బకెట్టుతో వచ్చి గోనె ఎత్తాడు. లోపలివైపు బొగ్గులా నల్లగా ఉంది. పొద పైకి చూశాడు. పొగ రావడం లేదు. మరి ఇంత పొగ ఎటు పోతోంది? మిగిలిన దారి కిటికీ ఒక్కటే. అప్పుడు ఆయన చెవికి ఇంకొకటి తట్టింది. జనరేటరు మోగుతూనే ఉంది, మిషన్ల చప్పుడు మాత్రం లేదు.

ఆయన పెట్టిన కేక మా వంటింట్లోకి వినిపించింది. నేను పరుగెత్తేసరికి జనరేటరు ఆపేసి, తలుపు తోసుకుని లోపలికెళ్లాడు. ముగ్గురూ మిషన్ల మీదే తలలు వాల్చి ఉన్నారు. చిన్నమ్మాయి చేతిలో కత్తిరించిన జాకెట్టు గుడ్డ అలాగే ఉంది. వీధిలో ఎవరు ఏ చెయ్యి వేశారో తెలియదు, ముగ్గుర్నీ ఆసుపత్రికి మోసుకెళ్లాం. ఇంకో పది నిమిషాలైతే తనూ ఏం చేయలేకపోయేవాణ్నని డాక్టరు చెప్పాడు.

సాయంత్రం కళ్లు తెరిచిన టీచరు బాబాయిని చూసి, "మొక్కలు బతికాయా?" అంది.

 ఆయన అమ్మాయిల పాదాలు ఒకసారి తాకి బయటికొచ్చాడు. తిన్నగా ఆ పెరట్లోకి వెళ్లి ఒక్కో మొక్కా వేళ్లతో సహా పీకి, గోడకి ఆనించి పెట్టాడు. నేను మంచినీళ్లు ఇస్తే గ్లాసు పక్కన పెట్టేశాడు.

"దేవుడికీ నాకూ తెలుసనేవాణ్నమ్మా. నాకేం తెలుసు? ఆయనకి తెలుసు గనక ఈ పూట నన్ను నీళ్లు పొయ్యడానికి తోలాడు."

తర్వాత జనరేటరును కిటికీ కింద నుంచి పెరడు చివరికి జరిపించారు. ఆ మొక్కల్నే దారి పక్కన, దానికి ఆరడుగుల దూరంలో, మనిషి దూరేంత సందులిచ్చి నాటాడు.  జనరేటరు సగం కనిపిస్తూనే ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు ఎవరు పిలిచినా, ఏ మొక్క అని అడగడు. "ముందు దాన్ని ఒకసారి నడపండమ్మా" అంటాడు. అది మోగినంతసేపూ పెరట్లో నిలబడి, దాని ఊపిరి ఎటు పోతోందో చూస్తాడు. తర్వాత లోపలి మనుషులందరినీ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, పలికాకే గునపం తీస్తాడు.