పెనుకొండ మీద పారబోసిన నీళ్ళు

పెనుకొండ కొండెక్కాలనుకునేవాళ్ళు నన్ను దారి అడుగుతుంటారు. చెబుతాను గానీ, ముందు అక్కడ నేను చేసిన నిర్వాకం ఒకటి చెప్పాలి. ఎనభైల మొదట్లో, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, కొండ కింది పల్లెకు బోరు వేయించడానికి అనంతపురంలోని ఒక సేవాసంఘం కొండెక్కే పందెం పెట్టింది. ఎక్కేవాళ్ళ పేరున తెలిసినవాళ్ళు చందాలిస్తారు. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేసిన నేను పందేనికి పనికిరాను కాబట్టి, నీళ్ళ ఏర్పాటు నెత్తిన వేసుకున్నాను.

ధర్మవరంలో పొద్దున ఐదింటి బస్సెక్కాను. టికెట్టు నాలుగు రూపాయలు. సంగతి విని కండక్టరు, "కొండెక్కితే నీళ్ళు పడేట్లుంటే ఈ జిల్లాలో ఒక్కరూ కింద ఉండరన్నా" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను.

ఏడింటికి దిగి, మైలు దూరం నడిచి పల్లె చేరాను. వాళ్ళకు మిగిలింది ఒకే బావి. అడుగున ఊరే నీటిని చెంబుతో తోడుకోవాలి. అందుకే ఇంటికొక వంతు పెట్టుకున్నారు, ఒకసారి తోడుకుంటే మళ్ళీ వంతు మూడో రోజే. ఆ పొద్దుటి వంతు ఓబులక్కది. ఆమె వాకిట్లో నిండు చూడితో ఉన్న ఆవు కట్టేసి ఉంది. బోరు పల్లె కోసమే కదా అని, పెద్దమనుషులు అడగ్గానే ఎనిమిది బిందెలూ మాకిచ్చేసింది.

"మిగిలిన నీళ్ళు యాడా పారబోయొద్దప్పా. ఆవు ఈనేట్లుండాది, దానికి తెచ్చియ్యి" అంది.

"తెస్తానక్కా" అన్నాను.

నాలుగు కావళ్ళు పైకి చేరడానికి రెండు గంటలు పట్టింది. పదిన్నరకు పందెంవాళ్ళు వచ్చారు. తాగారు, సరే. ఒకాయన మొహం కడుక్కున్నాడు, ఇంకొకాయన బూట్లు విప్పి కాళ్ళ మీద కుమ్మరించుకున్నాడు. చందాలు తెచ్చినవాళ్ళు కదా అని నోరు మూసుకున్నాను. ఆఖరికి రెండు బిందెలు మిగిలాయి.

"మెట్లు నున్నగా ఉండాయన్నా. నిండు కావడితో దిగేది కష్టం" అన్నాడు కావడి మోసే రామన్న. అతని భుజం ఒరుసుకుపోయి ఉంది. రెండు బిందెలూ నేనే బండ మీద వంచేశాను. కింద బావి ఉంది కదా అనుకున్నాను. వీధి కుళాయి నీళ్ళు తాగి పెరిగినవాడి బుద్ధి అది.

ఒంటిగంటకు కిందికి దిగేసరికి ఓబులక్క దారిలోనే నిలబడి ఉంది. ఎనిమిది బిందెల్లోకీ ఒక్కొక్కటిగా తొంగి చూసింది.

"అన్నీ తాగేసినారా?"

"రెండు మిగిలినాయక్కా. బరువని పారబోసినా."

తిట్టి ఉంటే బాగుండేది. బిందెల లోపలి తడిని కొంగుతో తుడిచి, వాకిట్లోకి పోయి ఆ కొంగుతో ఆవు మూతి తడిపింది. "మళ్ళ వంతు ఎల్లుండేనే" అంది, నాతో కాదు, ఆవుతో.

ఆ నెలలోనే బోరు వేశారు. రాతిపొడి లేచింది గానీ చుక్క నీరు పడలేదు. పందెం రోజు కొండ మీద తీసిన ఫోటోలో వెనక వరసలో నేను నవ్వుతున్నాను, ఆ నవ్వు చూస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆవు బతికిందో లేదో అడగడానికి మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళే మొహం లేకపోయింది. పుణ్యానికని వెళ్ళి, దాహంతో ఉన్న ఇంటి వంతు లాక్కొచ్చినవాణ్ణి.

మీరు వెళితే ఆరింటికే ఎక్కడం మొదలుపెట్టండి. నీళ్ళు మీ ఇంటి నుంచే తెచ్చుకోండి. పైన మిగిలితే, ఎంత బరువైనా సరే, కిందికి దింపండి.