పొట్టేలు కుమ్మిన అద్దం

అన్నయ్య కారు ఎడమ తలుపు అద్దాన్ని పగలగొట్టింది మా పొట్టేలే. అద్దంలో తన బొమ్మను చూసుకుని, వేరే మంద పొట్టేలేదో మీదికొస్తోందనుకుని కుమ్మింది. తప్పు దానిది, తిరుగుడు నాది.

మాది పెన్‌పహాడ్ పక్క పల్లె. ఇంట్లో గొర్లు, కొంచెం పొలం. అలాంటి ఇంటికి రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు ఎట్లా వచ్చిందంటే, అన్నయ్య హైదరాబాదులో డ్రైవరుగా ఉన్నప్పుడు యజమాని దాన్ని తుక్కుకు వేస్తుంటే ప్రాణం ఒప్పక తెచ్చుకున్నాడు. ఆయన తప్ప ఇంకెవరూ దాని స్టీరింగు ముట్టుకోలేదు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అయినా అడిగిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవాడు. "అద్దం ఒక్కటి దొరకనియ్యి, బండి తీస్త."

తీయలేడని నాకు తెలుసు, వదినకూ తెలుసు. ఆ మాట ఆయన మొహం మీద అనే ధైర్యం ఇద్దరికీ లేదు. అందుకే అద్దం వెతికే పని నా నెత్తిన పడింది.

సూర్యాపేటలో కారు అద్దాల దుకాణం అతను ఫోన్లో ఫొటో చూసి నవ్వాడు. "గిది యాడ దొరుకుతదన్నా? తుక్కుల సూడు." కోదాడ తుక్కు షాపులో అదే కంపెనీ నాలుగు తలుపుల కారుది ఉంది. "ఒకటే కంపెనీ కదండీ, పట్టుద్ది, తీసుకెళ్లండి" అన్నాడు. తెచ్చి దింపితే వెనకవైపు నాలుగు వేళ్ల సందు. రెండు తలుపుల కారుకు తలుపు పొడుగు, అద్దమూ పొడుగేనని నా బుర్రకూ, ఆ షాపతని బుర్రకూ తట్టలేదు. మిర్యాలగూడలో కాస్త పెద్దది దొరికితే కోసి ఇమ్మన్నాను. "కొయ్యరాదు సార్, పగుల్తది" అన్నాడు దుకాణం అతను. ఏమైతే అదే అయితది, కొయ్యవయ్యా అని నేనే మొండికేశాను. గీసి నొక్కగానే అంతా పటికబెల్లం పలుకులైపోయింది. ఛీ, ఏం బతుకురా నాయనా అనుకుంటూ బస్సెక్కాను.

నేను ఒట్టి చేతులతో వస్తే అన్నయ్య "పోనీ తియ్, మళ్ల సూద్దం" అనేవాడు. విచిత్రమేమిటంటే, ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువే తినేవాడు. "నువ్వు అలసిపోయి వస్తే ఆయనకు ఆకలైతది మరిదీ" అని వదిన నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

మిర్యాలగూడ నుంచి వచ్చిన రోజు ఇక ఆపుకోలేకపోయాను. అన్నయ్య మంచం మీద కూర్చుని కారును చూస్తున్నాడు. "ఇగ నాతోని కాదన్నా. నేను తిరగ" అన్నాను.

ఆయన కారు మీంచి చూపు తిప్పకుండానే మెల్లగా అన్నాడు. "కుడి తలుపుది తీసి ఎడమకు పెట్టు."

"కుడిది ఎడమకెట్ల పడ్తదే?"

"సక్కటి పలక, వంపు లేదు. తిప్పి పెడితే ఏ దిక్కైనా పడ్తది. ముందొకసారి నేనే మార్చిన."

"ఎరికుండి మూడూర్లు తిప్పినవా నన్ను?"

"అద్దం లేదు, అందుకే తీస్తలేనని ఊరందరికీ చెప్పుకుంటున్న. అద్దం పెడితే ఇగ ఏం చెప్పాలె తమ్మీ?"

తిట్టబోయిన నాకు ఏడుపొచ్చింది.

"మరి డ్రైవర్ దిక్కు ఖాళీ అయితది కదా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"కానియ్యి. గాడ నువ్వు కూసుంటవ్" అని దిండు కింది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

మర్నాడు అద్దం తిప్పి బిగించాం. అన్నయ్య ఎడమ సీట్లో కూర్చుని, ఎడమ చేత్తో పిడి తిప్పుతూ అద్దాన్ని పైకీ కిందికీ ఆడించుకున్నాడు. అద్దం లేని దిక్కు కూర్చుని, ట్రాక్టరు తోలిన అలవాటుతో బండి నడుపుతున్న నా కళ్ల నిండా దుమ్ము. "జర మెల్లగ! బర్రెను తోలినట్టు తోలకు" అని తిడుతూనే ఉన్నాడు. ఊరి చివర చాయ్ బండి దగ్గర ఎవరో ఆపి, అద్దం దొరికిందా అని అడిగారు.

"దొరికింది. మా తమ్ముడు తెచ్చిండు" అన్నాడు అన్నయ్య. "ఇగ బండి గూడ వాడే నడుపుతడు."